వేడి ఎక్కని మేడగది

గిమ్లి
నవంబరు 6, 1983

రూనా వదినకు,

మీ ఉత్తరం అందింది. ఎలా ఉన్నావని అడిగారు. ఫర్నేసు బాగాలేదు.

వెలుగుతుంది. ఫ్యాను తిరిగి గదుల్లోకి వేడిగాలి ఊదుతుంది. కాఫీ మరిగేలోపే మంట ఆరిపోతుంది. థర్మోస్టాట్ ఇరవై డిగ్రీల దగ్గర పెట్టి ఉంది. వంటింట్లో పదిహేను దాటదు. కాసేపాగి మళ్ళీ వెలుగుతుంది, మళ్ళీ ఆరుతుంది. రోజంతా ఇదే వరస. మీ ఆయన ఓలి చనిపోయిన ఏడాది మీ ఇంట్లో నూనె ఫర్నేసు కూడా ఇలాగే మొండికేసిందని మీ చెల్లెలు చెప్పినట్టు గుర్తు. అప్పుడేం చేశారు?

సెప్టెంబరులో మీ చెల్లెలి అంత్యక్రియలకు వచ్చినప్పుడు, వాడని గదులు మూసెయ్యమని చెప్పి వెళ్ళారు. మీ చెల్లెలి గది మూశాను. నేలమీద వేడిగాలి వచ్చే జాలీ కూడా మూశాను.

సరస్సు ఇంకా గడ్డకట్టలేదు. ఒడ్డున మాత్రం పల్చటి పొర. పడవలన్నీ ఒడ్డుకు లాగేశారు. పక్కింటి ఫ్రీడా రోజూ ఏదో ఒకటి వండి తెస్తోంది. వద్దన్నా తెస్తోంది.

ఐనార్


రెజైనా
నవంబరు 15

ఐనార్,

ఎలా ఉన్నావయ్యా అంటే ఫర్నేసు బాగాలేదని రాసే మనిషిని నిన్నే చూశాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి ఫిజిక్సు చెప్పి చెప్పి నువ్వు కూడా యంత్రానివైపోయావు. టెలిగ్రాము ఇచ్చినట్టు రాస్తావు. మాటకింత అని ఎవరైనా వసూలు చేస్తున్నారా?

సరే, విను. మొదట ఫిల్టరు చూడు. మగవాళ్ళకి ఫర్నేసులో ఫిల్టరు ఉంటుందని పెళ్ళాం చెబితే తప్ప తెలియదు. తర్వాత బర్నరు వెనకాల మంటను చూసే చిన్న గాజు కన్ను ఉంటుంది. దానికి మసి పడితే గుడ్డిదైపోతుంది. మంట భగభగా మండుతున్నా లేదనుకుని నూనె ఆపేస్తుంది. మా ఇంట్లో అదే జరిగింది. మెత్తని గుడ్డతో తుడిచాను, నోరుమూసుకుని పనిచేసింది. ఇంకోటి, థర్మోస్టాట్ కింద నువ్వు చదువుకునే దీపం ఉందేమో చూడు. దీపం వేడికి అది ఇల్లంతా వెచ్చబడిందని మురిసిపోతుంది.

గది మూసి మంచిపని చేశావు. అమ్మ ఏం చేసేది? నవంబరు రాగానే పై గదులన్నీ మూసి, తలుపుల సందుల్లో పాత గుడ్డలు కుక్కి, అందర్నీ వంటింటి పొయ్యి చుట్టూ పడుకోబెట్టేది. మన సరస్సు ఒడ్డువాళ్ళకి ఇది ఒకళ్ళు నేర్పాలా?

ఇక్కడ చర్చి ఆడవాళ్ళు క్రిస్మసుకి బట్టలు పోగుచేస్తున్నారు. లోవిసా కోట్లూ స్వెట్టర్లూ పెట్టెలో పెట్టి బస్సుకి వెయ్యి. బూడిదరంగు స్వెట్టరు మాత్రం విడిగా కట్టు, అది నాకు. నేను అల్లినదే. ఒక చెయ్యి పొడుగు వచ్చిందని బతికినన్నాళ్ళూ వెక్కిరించింది, బతికినన్నాళ్ళూ తొడుక్కుంది.

ఫ్రీడాని వద్దనకు. పెట్టింది తిను.

నీ వదిన
రూనా


గిమ్లి
నవంబరు 27

రూనా వదినకు,

ఫిల్టరు మార్చాను. కన్ను తుడిచాను, మసి లేదు. దీపం అవతలికి జరిపాను. తేడా ఏమీ లేదు.

నూనె కంపెనీ మనిషిని పిలిచాను. నేలమాళిగలో సగం పూట కూర్చున్నాడు. నూనె చిమ్మే ముక్కు మార్చాడు. "మంట ఎంత చక్కగా ఉందో చూడండి మాస్టారూ! మా ఇంట్లో కూడా ఇంత మంచి మంట లేదు" అన్నాడు.

"మరెందుకు ఆరుతోంది?" అన్నాను.

"ఫర్నేసు పెట్టె మరీ వేడెక్కిపోతోందండీ. వేడి హద్దు దాటితే లోపలున్న హద్దు స్విచ్చే మంట తీసేస్తుంది. తియ్యకపోతే కొంప అంటుకుంటుంది కదా. మీ ఇంటికి ఇది పెద్ద ఫర్నేసు."

"ఇదే ఇల్లు, ఇదే ఫర్నేసు. నిరుటి దాకా బాగానే ఉంది."

"అయితే ఇల్లే చిన్నదైపోయి ఉంటుంది" అని నవ్వాడు. పైకి వెళ్ళి ఒకసారి చూస్తానన్నాడు. పైన చూడ్డానికి ఏమీ లేదన్నాను. వెళ్ళిపోయాడు.

నా ఒక్కడికి ఈ ఇల్లు పెద్దదే. ఇంటి సంగతి వసంతంలో ఆలోచించాలి.

బట్టలు ఇప్పుడు పంపలేను.

ఐనార్


రెజైనా
డిసెంబరు 5

ఐనార్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదివితే చింపేస్తానని సొరుగులో పెట్టాను.

ఇల్లు అమ్మేస్తున్నావా? దాచకుండా చెప్పు. అంత పట్టుబట్టి ఫర్నేసు బాగుచేయించడం కొనేవాళ్ళకి చూపించడానికా? ఇల్లు నీ ఒక్కడికి పెద్దదా? అది మా నాన్న కట్టిన ఇల్లు. పైకప్పు మేకులు నేనూ లోవిసా కింద నుంచి అందిస్తే ఆయన కొట్టాడు. నువ్వు ఇల్లరికం వచ్చి చెప్పులు విడిచేనాటికి ఆ ఇల్లు పాతబడిపోయింది కూడా. అమ్మాలంటే నన్నడక్కుండా అమ్ముతావా?

ఫ్రీడా కూడా రాసింది. గిన్నె గుమ్మంలోనే అందుకుని తలుపు వేసేస్తున్నావట. పై అంతస్తు కిటికీలకి తెరలు దించేసి ఉన్నాయట. ఒక్క దీపం వెలగదట. "ఎవరూ లేని ఇల్లులా ఉంది రూనా" అని రాసింది. నేను ఫోను చేస్తే ఎత్తవు.

బట్టలు పంపలేవా? ఎందుకని? రెండు కోట్లూ నాలుగు స్వెట్టర్లూ పెట్టెలో పడెయ్యడానికి చేతులు రావా? లేకపోతే ఇప్పటికే ఎవరికైనా ఇచ్చేశావా? ఇచ్చేస్తే ఇచ్చేశానని చెప్పు. నా చెల్లెలి గుర్తుగా నాకొక గుండీ కూడా మిగల్చకుండా గది ఊడ్చేసి తాళం వేసుకుని కూర్చున్నావేమోనని నాకు నిద్రపట్టడం లేదు.

రూనా


గిమ్లి
డిసెంబరు 18

రూనా వదినకు,

ఇల్లు అమ్మడం లేదు. బట్టలు ఎవరికీ ఇవ్వలేదు. గది ఊడ్చలేదు. ఆ గదిలోకి నేను వెళ్ళనే లేదు. సెప్టెంబరులో మీ చెల్లెల్ని మేడ మీంచి కిందకి దించాం. మీరు ఊరికి వెళ్ళిన రోజున జాలీ మూసి తలుపు వేశాను. మళ్ళీ తెరవలేదు. బట్టలు పంపలేకపోవడానికి కారణం అదే.

ఇక్కడ సున్నాకి ముప్పై డిగ్రీలు కింద ఉంది. మంగళవారం పై స్నానాలగదిలో నీళ్ళ గొట్టం గడ్డకట్టి పగిలింది. వంటింటి కప్పులోంచి నీళ్ళు కారాయి. నీళ్ళు కట్టేశాను. కప్పు మీద మరక పడింది. ఫర్నేసు అలాగే ఉంది.

ఇంకొకటి చెప్పాలి. మంట ఆరిన ప్రతిసారీ పైన అడుగులు వినబడుతున్నాయి. మంచం దగ్గర మొదలై కిటికీ దాకా వెళ్తాయి. మెల్లగా. చివరి నెలల్లో మీ చెల్లెలు అలాగే నడిచేది. కిటికీ దగ్గర ఆగుతాయి. మళ్ళీ మంట వెలిగాక తిరిగి మంచం దాకా వస్తాయి.

అది రేకు చప్పుడు. గది నేలకింద నుంచి వెళ్ళే వేడిగాలి గొట్టం వేడికి సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. అప్పుడు టప్పుమంటుంది. ఇది నేను ఎన్నోసార్లు పిల్లలకు పాఠం చెప్పాను. నాకు మతి పోలేదు. మీరు కంగారు పడి ఫ్రీడాకు రాయవద్దు.

మొన్న అడుగులు వినబడినప్పుడు స్టవ్ మీద కాఫీ పెట్టి ఉంది. రెండో కప్పు తీశాను. తీశానని తర్వాత తెలిసింది.

క్రిస్మసు శుభాకాంక్షలు.

ఐనార్


రెజైనా
డిసెంబరు 29

ఐనార్,

ముందు నన్ను క్షమించు. పోయిన ఉత్తరంలో నోటికొచ్చింది రాశాను. నువ్వు గది ఊడ్చేశావని నేను ఏడుస్తుంటే, నువ్వేమో తలుపు కూడా తియ్యలేక కూర్చున్నావు. రాయొచ్చు కదయ్యా. ఒక్క మాట ఎక్కువ రాస్తే సిరా అయిపోతుందా?

పండక్కి పొగబెట్టిన గొర్రెమాంసం వండాను. ఒక్కదాన్నే తిన్నాను. వీనార్‌తెర్తా కేకు ఏడు పొరలూ సరిగ్గా కుదిరాయి. మెచ్చుకునే దిక్కు లేదు.

ఇప్పుడు విను. ఇక్కడ మాకు నూనె పోసే అతనితో నీ ఫర్నేసు గొడవ చెప్పాను. మంట బాగుంది, కన్ను బాగుంది, పెట్టె వేడెక్కి ఆరిపోతోంది, పై గొట్టం పగిలింది అన్నాను. అంతా విని, "మీ బంధువుది సరస్సు ఒడ్డు ఊరా?" అన్నాడు.

"అవును. నీకెలా తెలుసు?"

"గదుల్లో జాలీలు మూసుకుని కూర్చుని ఉంటాడు. మీవాళ్ళందరికీ ఇదే జబ్బమ్మా. కట్టెల పొయ్యి రోజులు పోయాయని మీకెవరూ చెప్పలేదా?"

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అమ్మది పొయ్యి. గది మూస్తే పొయ్యికి ఏమీ కాదు, దాని వేడి అక్కడే ఉంటుంది. నీది ఫ్యాను ఊదే ఫర్నేసు. ఊదిన వేడి ఎటైనా పోవాలి. దారులన్నీ మూసేస్తే వేడి పెట్టెలోనే కుక్కుకుపోతుంది. ఇంకా మండితే కాలిపోతానని అదే ఆరిపోతుంది. మూసుకో అని నీకు చెప్పింది నేనే. నా నోట్లో మన్ను పడ.

కానీ ఒక్క గది మూస్తే ఇంత జరగదన్నాడు. సగం ఇల్లయినా మూసి ఉండాలన్నాడు. అందుకని అడుగుతున్నాను. ఈ ఉత్తరం పక్కన పెట్టి, ఇల్లంతా తిరిగి చూసి రాయి. ఏయే జాలీలు తెరిచి ఉన్నాయి?

అడుగుల సంగతి. నీకు మతి పోయిందని నేననుకోలేదు. నాకు అసూయగా ఉంది. చిన్నప్పుడు ఆ గది మా ఇద్దరిదీ. మంచానికీ కిటికీకీ మధ్య ఎన్ని అక్టోబరు రాత్రులు చలికి గెంతుతూ నడిచామో. ఇక్కడ నాకేమీ వినబడదు. పక్కింటివాళ్ళ టీవీ తప్ప.

రూనా


గిమ్లి
జనవరి 7, 1984

రూనా వదినకు,

తెరిచి ఉన్నవి రెండు. వంటింట్లో ఒకటి, నేను పడుకునే ముందుగదిలో ఒకటి. మిగతావన్నీ మూసి ఉన్నాయి.

ఒక్కరోజున మూయలేదు. మొదట పై గది. తర్వాత కుట్టుమిషను ఉన్న గది. తర్వాత భోజనాల గది, అక్కడ నా ఎదురుగా మీ చెల్లెలి కుర్చీ ఉంది. తర్వాత స్నానాలగది, దువ్వెన ఉంది. ఏ గదిలో కూర్చోలేకపోతే ఆ గది జాలీ మూసి తలుపు వేశాను. వాడని గదులు మూయమన్నారు కదా. వాడడం లేదు.

మీ తప్పేమీ లేదు. నాకు నవంబరులోనే తెలుసు. హద్దు స్విచ్ అని కంపెనీ మనిషి అనగానే తెలిసింది. వేడి పోవడానికి దారి లేదని ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. అందుకే అతన్ని పైకి వెళ్ళనివ్వలేదు.

జాలీలు తెరిస్తే మంట నిలకడగా ఉంటుంది. రేకు అంతలా వేడెక్కదు, ఒక్కసారిగా చల్లబడదు. అడుగులు ఆగిపోతాయి.

నేను కోటు వేసుకుని ముందుగదిలో పడుకుంటున్నాను. ఇబ్బందేమీ లేదు.

ఐనార్


రెజైనా
జనవరి 13

ఐనార్,

ఇబ్బందేమీ లేదట! కోటు వేసుకుని పడుకునే మనిషికి ఇబ్బందేమీ లేదట. నీకు అరవై ఆరేళ్ళు. ఇవాళ గొట్టం పగిలింది. రేపు ఆ హద్దు స్విచ్ పాడైపోయి ఫర్నేసే పగిలితే? లేకపోతే అసలు వెలగడమే మానేస్తే? ఫ్రీడా గిన్నె పట్టుకుని వచ్చి గుమ్మంలో ఎంతసేపు తలుపు కొట్టాలి? నాకు ఎవరు ఫోను చేసి ఏమని చెప్పాలి? ఓలి పోయాడు. అది పోయింది. నాకు నువ్వు, నీకు నేను తప్ప ఇంకెవరున్నారయ్యా?

నేను చాలాసేపు ఆలోచించాను. జాలీలు తెరువు అని నాలుగు తిట్లు తిట్టి రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను. నాకే ఆ అడుగులు వినబడితే నేను తెరుస్తానా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. తెరవనేమో.

కానీ ఒక్కటి చెబుతాను. నా చెల్లెలు నాకు నీకంటే పదమూడేళ్ళు ముందు తెలుసు. ఆ అడుగులు దానివి కావు. దానివే అయితే, నువ్వు కింద కోటు వేసుకుని వణుకుతుంటే అది పైన అటూ ఇటూ పచార్లు చేస్తుందా? ఎప్పుడో మెట్లు దిగి వచ్చి నీ చెవి మెలిపెట్టేది. "మాస్టారూ, చదివింది చాలు, లేచి ఫర్నేసు చూడండి" అనేది. అనేదా కాదా?

అది దిగి రాలేదు. అందుకని నువ్వే పైకి వెళ్ళు.

రూనా


గిమ్లి
జనవరి 24

రూనా వదినకు,

అనేది. ఆ మాటలే అనేది.

ఆదివారం పొద్దున మొదలుపెట్టాను. భోజనాల గది, కుట్టుమిషను గది, స్నానాలగది. జాలీలు బిగుసుకుపోయాయి. స్క్రూడ్రైవరుతో తిప్పాను. గాలి వచ్చింది. తలుపులు తెరిచి వదిలేశాను. ఒక్కో గది తెరిచిన కొద్దీ కింద మంట మరికాస్త ఎక్కువసేపు నిలిచింది. పై గది చివర పెట్టుకున్నాను.

తలుపు రాలేదు. చుట్టూ మంచు పట్టింది. భుజంతో తోశాను. లోపల గోడ కాగితం మీద పొరలా మంచు. కిటికీ అద్దం నా వేలంత మందాన గడ్డకట్టి ఉంది. దుప్పట్లు ఫ్రీడా ఎప్పుడో మడిచి పెట్టింది. అలమారలో బట్టలు అలాగే ఉన్నాయి.

కిటికీ గట్టు మీద మీ చెల్లెలి జెరేనియం కుండీలు. నాకు గుర్తే లేదు. ఆకులు నల్లబడి వేలాడుతున్నాయి. ముట్టుకుంటే విరిగాయి. సెప్టెంబరులో తలుపు వేసినప్పుడు పూసి ఉన్నాయి. నేను ఏదో కాపాడుతున్నాననుకుని వేశాను.

జాలీ తెరవకుండా మంచం మీద కూర్చున్నాను. ఎందుకో మీకు తెలుసు. కింద మంట ఆరింది. అడుగులు వచ్చాయి. మంచం దగ్గర మొదలయ్యాయి, కిటికీ దాకా వెళ్ళాయి. ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. గదిలో ఉండి వింటే అవి గదిలో లేవు. గోడలో ఉన్నాయి. నేలకింద ఉన్నాయి. నా ముందు నుంచి ఎవరూ నడవలేదు. గాలి కూడా కదల్లేదు.

ఇంకోసారి ఆగి విన్నాను. తర్వాత జాలీ తెరిచాను.

వెచ్చబడడానికి చాలాసేపు పట్టింది. గోడల మీద మంచు కరిగి కారింది. తువ్వాలు పరిచాను. సున్నం వాసన, ఉన్ని వాసన వచ్చాయి. కాసేపు ఇంకో వాసన కూడా వచ్చింది. అది ఏమిటో మీకు రాయనక్కర్లేదు. తర్వాత పోయింది. నేను తలుపు వెయ్యలేదు.

కింద మంట ఆగలేదు. ఆగుతుందేమోనని మెట్ల మీద కూర్చుని ఎదురుచూశాను. ఆగలేదు. సాయంత్రానికి ఇల్లంతా ఇరవై డిగ్రీలు. అప్పుడు దానంతటదే ఆగింది. ఆగవలసినప్పుడు ఆగింది.

మళ్ళీ వెలిగేదాకా చాలా వ్యవధి. ఆ వ్యవధిలో ఏ చప్పుడూ లేదు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు. పై గదిలో, కోటు తీసేసి, చొక్కాతో కూర్చున్నాను. చెవులు రిక్కించి విన్నాను.

లోవిసా లేదు, వదినా. ఇల్లు వెచ్చగా ఉంది.

ఐనార్